ఫలక్‌నుమాలో ఒక చిన్న ఫుట్‌బాల్ క్రీడాంగణం: యోచన, నిర్మాణం, నిర్వహణ

దేహానికి, మనస్సుకు సమానంగా శిక్షణ ఇచ్చినప్పుడే విద్య సమగ్రమవుతుందని పెద్దలు చెబుతారు. ఈ మాటను కాదనేవారు లేరు. అయితే ఆ శిక్షణ ఎక్కడ జరగాలన్న ప్రశ్న వచ్చేసరికి మన పాతనగరంలో సమాధానం దొరకడం కష్టంగా ఉన్నది. ఇరుకు గల్లీలలో, ఇల్లు లేవని ఖాళీ ప్లాట్లలో, రాళ్లు తేలిన వాలునేలలో బంతి తన్నుతూ పెరిగే పిల్లలు ఫలక్‌నుమా, బార్కాస్, చాంద్రాయణగుట్ట ప్రాంతాలలో ఎందరో ఉన్నారు. వారికి చేరువలో, వారిదే అనిపించే ఒక చిన్న ఫుట్‌బాల్ క్రీడాంగణం ఉంటే ఎంత బాగుండునని మనలో అనుకోని వారుండరు.

అనుకోవడం సులభం. కట్టడం ఎట్లా? కట్టిన దానిని నిలుపుకోవడం ఎట్లా? ఒక స్థానిక క్లబ్బు గాని, మన కళాశాల వంటి సంస్థ గాని ఈ పనికి పూనుకొంటే ఏయే విషయాలు తెలిసి ఉండవలెనో ఈ వ్యాసంలో క్రమంగా వివరించదలచాము. క్రీడాంగణం అనగానే మన కళ్లకు ముందుగా గాలరీ కనబడుతుంది. నిజానికి క్రీడాంగణానికి ప్రాణం నేల, నీరు, నిర్వహణ. ఈ మూడూ సరిగా ఉంటే గాలరీ తరువాతనైనా వస్తుంది. ఈ మూడూ లేనిచోట ఎంత గొప్ప గాలరీ ఉన్నా ఆట ఉండదు.

మన వారసత్వం

ఈ కోరికకు వెనుక ఒక చరిత్ర ఉన్నది. హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదు సంవత్సరాలు బొంబాయిలో రోవర్స్ కప్పును గెలుచుకొన్నది. 1950లోనే డ్యూరాండ్ కప్పును కూడా సాధించింది. జాతీయ పోటీ అయిన సంతోష్ ట్రోఫీని హైదరాబాదు 1956-57, 1957-58 లలోను, ఆంధ్రప్రదేశ్ 1965-66లోను గెలుచుకొన్నవి.

ఈ విజయాలకు మూలపురుషుడైన సయ్యద్ అబ్దుల్ రహీమ్ సాహెబ్ వృత్తిరీత్యా ఉపాధ్యాయులు. వారి శిక్షణలో భారత జట్టు 1951లో ఢిల్లీలోను, 1962లో జకార్తాలోను ఆసియా క్రీడల స్వర్ణపతకాలు పొందింది; 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగవ స్థానంలో నిలిచింది. 1963 జూన్‌లో వారు కాన్సరు వ్యాధితో కన్నుమూశారు. సికింద్రాబాదు సమీపాన అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరామ్, 1970 బాంకాక్ ఆసియా క్రీడలలో కాంస్యం తెచ్చిన జట్టుకు నాయకుడైన సయ్యద్ నయీముద్దీన్ ఈ గడ్డ మీద తయారైనవారే.

రహీమ్ సాహెబ్ బంతిని కాలివద్దనే ఉంచుకోకుండా వెంటనే అందించవలసిన పోటీలను, బలహీనమైన కాలితోనే ఆడవలసిన పోటీలను నిర్వహించేవారు. పిల్లలకు ఆటలోని మెలకువలు అలవాటు కావడానికి ఇవి సాధనాలు. ఇట్టివి ఏటా ఒకసారి జరిగితే చాలవు. వారం వారం జరగాలి. వారం వారం జరగాలంటే నడిచిపోగల దూరంలో మైదానం ఉండాలి.

ఫలక్‌నుమాకు ఆనుకొని ఉన్న బార్కాస్ ఇందుకు నిదర్శనం. నిజాం కాలంలో సైనికులుండిన బారక్కుల వల్లనే ఆ పేరు వచ్చింది. హద్రమౌత్ ప్రాంతం నుండి వచ్చిన అరబ్బు సైనికుల సంతతివారు అక్కడ స్థిరపడినారు. ఫుట్‌బాల్ పట్ల వారి అభిమానం నగరమంతటా ప్రసిద్ధం. ఆటగాళ్లు ఉన్నారు, చూసేవారు ఉన్నారు. వసతి పెరగవలసి ఉన్నది.

చిన్న క్రీడాంగణమే ఎందుకు?

నగరంలో పెద్ద క్రీడాంగణాలు లేకపోలేదు. ఫతే మైదాన్‌లోని లాల్ బహదూర్ క్రీడాంగణం మనకు పరిచితమే. కాని అది అనేక అవసరాలకు ఉపయోగపడే స్థలం. క్రికెట్టు టెస్టులు అక్కడ జరిగినవి. భారీ బహిరంగ సభలు జరుగుతుంటవి. 2023 డిసెంబరులో రాష్ట్ర మంత్రివర్గ ప్రమాణ స్వీకారం కూడా అక్కడనే జరిగింది. గచ్చిబౌలిలోని బాలయోగి క్రీడాంగణం అంతర్జాతీయ స్థాయిది. 2024లో భారత జట్టు అక్కడ మారిషస్, సిరియా, మలేషియా జట్లతో ఆడింది. కాని ఫలక్‌నుమా నుండి అది ఇరవై కిలోమీటర్లకు పైబడిన దూరం. పన్నెండేళ్ల పిల్లవాడు బడి వదలిన తరువాత అక్కడికి వెళ్లి, ఆడి, చీకటి పడకముందే ఇల్లు చేరడం సాధ్యమయ్యే పని కాదు.

ఇటీవల గంటల లెక్కన అద్దెకిచ్చే చిన్న కృత్రిమ టర్ఫ్ మైదానాలు నగరంలో విస్తారంగా వెలిసినవి. వాటివల్ల ఆట కొంత వ్యాపించిన మాట నిజమే. కాని అక్కడ జట్టుకు ఐదారుగురు మాత్రమే ఆడగలరు. పైగా డబ్బు చెల్లించగలవారికే అక్కడ ప్రవేశం. ఆటోరిక్షా నడిపే తండ్రి కొడుకు అక్కడ ఎన్ని సాయంత్రాలు ఆడగలడు?

మరొక అనుభవం కూడా మన ముందున్నది. 2019లో ఏర్పడిన హైదరాబాద్ ఎఫ్.సి. 2021-22లో ఇండియన్ సూపర్ లీగ్ విజేతగా నిలిచి మనకందరికీ ఆనందం కలిగించింది. మూడేళ్లు గడిచేసరికి, 2025లో, ఆ క్లబ్బు యాజమాన్యం మారి, పేరు మార్చుకొని ఢిల్లీకి తరలిపోయింది. కప్పు గెలిచిన క్లబ్బే ఊరు విడిచి వెళ్లగలిగినప్పుడు మనం నేర్చుకోవలసిన పాఠం ఒకటున్నది. క్లబ్బుకు తన సొంత మైదానం, ఆ మైదానం చుట్టూ తన మొహల్లా ఉన్నప్పుడే వేళ్లు దిగుతవి.

చిన్న క్రీడాంగణంతో పెద్ద స్థాయి ఆట ఆడలేమనుకోవడం పొరపాటు. నగర శివార్లలో అజీజ్‌నగర్‌లోని దక్కన్ అరీనాలో పెద్ద గాలరీలు లేవు. అయినా దానిని సొంత మైదానంగా చేసుకొన్న శ్రీనిధి దక్కన్ జట్టు 2022-23, 2023-24 ఐ-లీగ్ పోటీలలో వరుసగా రెండుసార్లు ద్వితీయ స్థానం పొందింది.

స్థలం ఎంత, ఎట్టిది?

ఫుట్‌బాల్ నియమాల ప్రకారం మైదానం పొడవు 90 నుండి 120 మీటర్లు, వెడల్పు 45 నుండి 90 మీటర్లు ఉండవచ్చును. అంతర్జాతీయ పోటీలకు పొడవు 100 నుండి 110, వెడల్పు 64 నుండి 75 మీటర్లు. కనుక 100 మీటర్ల పొడవు, 64 మీటర్ల వెడల్పు ఉన్న మైదానం ఏ స్థాయి వారికైనా సరిపోతుంది. గీతలకు వెలుపల నాలుగు వైపులా కనీసం నాలుగు మీటర్ల ఖాళీ విడవాలి. వేగంగా పరుగెత్తే ఆటగాడు గోడకో, ఇనుప కంచెకో తగలకుండా ఈ ఖాళీ కాపాడుతుంది. అప్పుడు మొత్తం 108 మీటర్లు, 72 మీటర్లు; అనగా 7,776 చదరపు మీటర్లు. మన వాడుక లెక్కలో ఇది సుమారు 9,300 చదరపు గజాలు. ఒకవైపు గాలరీకి, గదులకు పదిహేను మీటర్ల పట్టీ కలిపితే 11,200 గజాలు దాటుతుంది. గేటు, వాహనాల స్థలం చేర్చుకొని రెండున్నర ఎకరాలు కావాలని స్థూలంగా చెప్పుకోవచ్చును.

పాతనగరంలో రెండున్నర ఎకరాలు కొనగల క్లబ్బు ఉండదు. కాబట్టి ప్రభుత్వ పాఠశాలల ఆవరణలు, నగరపాలక సంస్థ క్రీడాస్థలాలు, విద్యాసంస్థల భూములు, ఇట్టివాటినే ఆశ్రయించాలి. భూమి ఎవరిదైనా, ఎన్నేళ్లకు ఇచ్చినారో, ఏ షరతులకు ఇచ్చినారో కాగితం మీద స్పష్టంగా ఉండవలెను. వక్ఫ్ భూమి అయితే బోర్డు అనుమతి లేనిదే అడుగు వేయరాదు. నోటిమాట మీద చదును చేసిన మైదానం మరునాడు ఎవరిదవుతుందో చెప్పలేము.

స్థలం ఎంపికలో మరొక జాగ్రత్త అత్యవసరం. విశాలంగా, చదునుగా, ఖాళీగా కనబడే నేల చాలసార్లు చెరువు శిఖం భూమి అయి ఉంటుంది. 2020 అక్టోబరు వర్షాలను మన ప్రాంతం మరువలేదు. ఫలక్‌నుమాలోని అల్ జుబైల్ కాలనీ నీట మునిగింది. గుర్రం చెరువు కట్ట తెగి హాఫిజ్ బాబానగర్ జలమయమైంది. చెరువు నిండు నీటిమట్టం లోపల గాని, దాని చుట్టూ చట్టం విడువమన్న హద్దులో గాని ప్రహరీ కట్టడం చట్టవిరుద్ధం. అంతకు మించి ఇరుగు పొరుగు ఇళ్లకు ప్రమాదం. రెవెన్యూ పటం, నీటిపారుదల శాఖ పటం రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసిన తరువాతనే స్థలాన్ని నిర్ణయించాలి.

మైదానం పొడవు ఉత్తర దక్షిణాలుగా ఉండవలెను. తూర్పు పడమరలుగా ఉంటే సాయంకాలం ఒక జట్టు గోలుకీపరు కళ్లలో సూర్యుడు సూటిగా పడతాడు. మన పోటీలు చాలవరకు అసర్ నమాజుకు, మగ్రిబ్ నమాజుకు నడుమ జరిగేవే కనుక ఈ విషయం మనకు మరింత ముఖ్యం.

నేల, నీరు, గడ్డి

ఫలక్‌నుమా గుట్టనేల. నవాబ్ వికారుల్ ఉమ్రా 1884లో కట్టించ మొదలుపెట్టిన మహలు ఆ గుట్ట మీదనే ఉన్నది. ఇట్టి చోట్ల పైపొర కింద మొరం, దాని కింద నల్లరాతి బండ తగులుతుంది. వర్షపు నీరు బండలోనికి ఇంకదు. పల్లం వెదుక్కొంటూ పోతుంది. అందుచేత నిర్మాణంలో మొదటి ఖర్చు నీరు పోయే ఏర్పాటుకు పెట్టాలి. ఒక సెంటీమీటరు వాన కురిస్తే 6,400 చదరపు మీటర్ల మైదానం మీద 64 వేల లీటర్ల నీరు పడుతుంది. ఒక గట్టివాన అయిదారు సెంటీమీటర్లు కురిసిందంటే ఎంత నీరో ఊహించుకోవచ్చును.

దీనికి పద్ధతి ఇది. మైదానం నడుమ భాగాన్ని కొద్దిగా ఎత్తుచేసి రెండు పక్కలకు నూటికి ఒకటి చొప్పున వాలు ఇవ్వాలి. నడుమ నుండి పక్క గీత వరకు 32 మీటర్లు కనుక నడుమ భాగం 32 సెంటీమీటర్లు ఎత్తుగా ఉంటుంది. ఆడేవారికి ఈ వాలు తెలియదు, నీటికి మాత్రం తెలుస్తుంది. మొరం నేలను చదును చేసి, గట్టిపరచి, అయిదు మీటర్లకొకటి చొప్పున కందకాలు తీసి, చిల్లులున్న పైపులు వేసి కంకరతో కప్పాలి. వాటి మీద ఇసుక, ఆపైన ఇసుక, ఎరువు కలిపి జల్లించిన ఎర్రమట్టి పరవాలి. ముప్పయి సెంటీమీటర్ల మందం పరిస్తే 1,920 ఘనపు మీటర్ల మట్టి కావాలి. పది ఘనపు మీటర్లు పట్టే లారీలు సుమారు 190. ఈ అంకె ముందే తెలిసి ఉంటే కాంట్రాక్టరుతో మాట్లాడేటప్పుడు మనం మోసపోము.

మైదానం నుండి బయటికి వచ్చే నీరు ఎక్కడికి పోతుందన్నది తరువాతి ప్రశ్న. పక్క బస్తీలోకి వదలి మన మైదానం ఎండిందని సంతోషించడం తగదు. ఒక మూల పెద్ద ఇంకుడు గుంత, దానిపక్కన నిలువచేసే తొట్టి కట్టితే ఆ నీరే వేసవిలో కొంతవరకు అక్కరకు వస్తుంది.

గడ్డి విషయంలో దూరం వెదకనక్కరలేదు. ప్రపంచమంతటా వేడిదేశాల మైదానాలలో వాడే బెర్ముడా గడ్డి మన గరికయే. తొక్కిడికి తట్టుకొంటుంది, ఎండకు వాడినా నీరు తగలగానే లేస్తుంది. తొలకరికి నాటితే వానాకాలమంతా అల్లుకొంటుంది. వేసవిలో రోజుకు అయిదు మిల్లీమీటర్ల చొప్పున తడపాలంటే 32 వేల లీటర్లు కావాలి; అనగా అయిదువేల లీటర్ల ట్యాంకర్లు ఆరుకు పైగా. తాగునీటికే ఎదురుచూసే మొహల్లాలో గడ్డికి మంచినీరు పోయడం న్యాయం కాదు. కాబట్టి శుద్ధిచేసిన మురుగునీరు, నిలువచేసిన వాననీరు, సమీప మసీదులో వజూ చేసిన నీరు, ఇట్టి మార్గాలను మొదటినుండే ఆలోచించాలి.

నీరు ఏ విధంగానూ సమకూరదని తేలితే కృత్రిమ గడ్డి గురించి ఆలోచించవచ్చును. దానిపై ఎక్కువ గంటలు ఆడవచ్చును. కాని మొదటి ఖర్చు అధికం. ఎనిమిది పదేళ్లకు మార్చవలసి వస్తుంది. మన మే నెల మధ్యాహ్నం అది కాలు పెట్టలేనంతగా కాగుతుంది. బాగా చదును చేసిన ఎర్రమట్టి మైదానం కూడా తొలి సంవత్సరాలకు నామోషీ కాదు.

గాలరీ, గదులు, దీపాలు

వేయిమంది కూర్చునే గాలరీ మనకు చాలును. మనిషికి అర మీటరు చొప్పున, యాభై మీటర్ల వరుసలో వందమంది కూర్చుంటారు. అట్టివి పది వరుసలు. నడవలకు స్థలం కలిపితే గాలరీ పొడవు సుమారు 55 మీటర్లు. దీనిని పడమటి వైపున కట్టాలి. అప్పుడు సాయంకాలపు ఎండ ప్రేక్షకుల వీపు వైపు ఉంటుంది. వెనుక వరుసవారికి ముందువారి తలలు అడ్డురాకుండా ప్రతి మెట్టు సుమారు నలభై సెంటీమీటర్ల ఎత్తు ఉంటే మంచిది. గాలరీ కింది ఖాళీలోనే రెండు జట్లకు గదులు, రెఫరీ గది, ప్రథమ చికిత్స గది, సామాను గది అమర్చవచ్చును. స్త్రీలకు ప్రత్యేకమైన మరుగుదొడ్లు, దుస్తులు మార్చుకొనే గది పటంలోనే ఉండవలెను. తరువాత చూద్దామంటే ఆ తరువాత రాదు. మన ఆడపిల్లలు గేటు బయటనే నిలిచిపోతారు.

భద్రత గురించి రెండు దుర్ఘటనలను జ్ఞాపకం చేసుకోవడం మంచిది. 1980 ఆగస్టు 16న కలకత్తా ఈడెన్ గార్డెన్స్‌లో మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ జట్ల మ్యాచి సందర్భంగా గాలరీలో ఘర్షణ, తొక్కిసలాట జరిగి 16 మంది అభిమానులు మరణించినారు. 1985 మే 11న ఇంగ్లండులోని బ్రాడ్‌ఫర్డ్‌లో పాత చెక్కగాలరీ కింద పేరుకొన్న చెత్తకు నిప్పంటుకొని 56 మంది ప్రాణాలు కోల్పోయినారు. వెనుకకు పరుగెత్తినవారికి గేట్లు మూసి కనబడినవి. కాబట్టి గాలరీ చిన్నదే గదా అని ఉపేక్షించరాదు. కనీసం రెండు వైపుల వెడల్పైన దారులు, ఆట జరుగుతున్నంత సేపు తాళం వేయని గేట్లు, మెట్ల కింద చెత్త లేకుండా చూడడం, ఇవి సున్నం వేయడం కన్న ముఖ్యమైన పనులు. కదిలించే గోలు స్తంభాలు ఉంటే వాటిని నేలకు గట్టిగా బిగించాలి; పిల్లలు వేలాడినప్పుడు అవి మీదపడే ప్రమాదం ఉన్నది.

దీపాలు చివరి అంశం. శిక్షణకు 75 లక్స్, స్థానిక పోటీలకు 200 లక్స్ వెలుతురు చాలును. స్తంభాలను పొరుగు ఇళ్ల కిటికీలలో కాంతి పడకుండా అమర్చాలి. ఇరుగుపొరుగు నిద్ర చెడగొట్టి క్లబ్బు మనజాలదు.

పని వరుస

డబ్బు ఒక్కసారిగా చేతికి రాదు. కనుక పనిని దశలుగా విభజించుకోవాలి. మొదటి దశలో భూమి కాగితాలు, సర్వే, చదును, నీరు పోయే పైపులు, కంచె. రెండవ దశలో నీటి వసతి, గడ్డి, మరుగుదొడ్లు, గదులు. మూడవ దశలో గాలరీ. నాలుగవ దశలో దీపాలు. మొదటి దశ పూర్తి అయిన నాటినుండే పిల్లలు ఆడగలరు. ఈ క్రమాన్ని తలకిందులు చేసి, ముందు గాలరీ కట్టి, శిలాఫలకం పెట్టి, ఆపైన మైదానానికి డబ్బు చాలక ఆగిపోతే ప్రేక్షకులు కూర్చుని చూచుటకు ధూళి తప్ప ఏమీ మిగలదు.

నిర్వహణ

కట్టడం ఒకసారి జరిగే పని. కాపాడడం ప్రతిదినం జరగవలసిన పని. గరిక మైదానం వారానికి ఇరవై గంటలకు మించి ఆడితే కోలుకోవడం కష్టం. కాబట్టి వేళల పట్టిక గోడమీద రాసి ఉండవలెను: చిన్నపిల్లలకు ఇన్ని గంటలు, బాలికలకు ఇన్ని గంటలు, క్లబ్బు జట్టుకు ఇన్ని గంటలు, నేలకు విశ్రాంతి ఇన్ని దినాలు. జీతం ఇచ్చి ఒక మాలీని నియమించుకోవాలి. అతని జీతానికి, నీటికి, కరెంటుకు నెలకెంత అవుతుందో లెక్కవేసి, అది ఎక్కడినుండి వస్తుందో నిర్ణయించిన తరువాతనే పునాది తీయాలి.

క్లబ్బును సొసైటీగా రిజిస్టరు చేయించడం, ఏటా ఆడిట్ చేయించిన లెక్కలను సభ్యుల ముందు ఉంచడం అనివార్యం. అన్నిటికీ మించిన పరీక్ష మరొకటి ఉన్నది. మైదానం పచ్చబడగానే షాదీలకు, విందులకు, సభలకు అద్దెకు అడిగేవారు వస్తారు. ఒక్క రాత్రి అద్దె మాలీ రెండు మూడు నెలల జీతానికి సరిపోవచ్చును. ఆశ కలగడం సహజం. కాని షామియానా గుంజలు పైపులను పగులగొడతవి. దేగుల కింది మంట గడ్డిని వేళ్లతో సహా కాల్చుతుంది. మిగిలిన ఎముకలు, మేకులు పిల్లల పాదాలకు గుచ్చుకొంటవి. అన్నిటికన్న పెద్ద నష్టం, ఆనాటినుండి ఆ స్థలం మైదానమా, ఫంక్షన్ హాలా అన్న సందేహం మొదలవుతుంది. ఆట తప్ప మరే అవసరానికీ ఈ స్థలాన్ని ఇవ్వరాదన్న నిబంధనను సొసైటీ నియమావళిలోనే రాసిపెట్టడం శ్రేయస్కరం.

విద్యార్థులకు, కమిటీ పెద్దలకు

ఈ పనిలో మన కళాశాల వహించగల పాత్ర చిన్నది కాదు. కొలతలు, వాలు లెక్కించడం గణిత విద్యార్థులకు చక్కని అభ్యాసం. మట్టిని, నీటిని పరీక్షించడం విజ్ఞానశాస్త్ర విద్యార్థులు చేయగలరు. ఖర్చు పట్టికలు, జమా లెక్కలు వాణిజ్య విద్యార్థులవి. ఉర్దూలోను, తెలుగులోను అర్జీలు రాసి మొహల్లా పెద్దలతోను, అధికారులతోను మాట్లాడడం రెండు భాషా శాఖల విద్యార్థులకు తగిన పని. నడచిపోగల దూరంలో ఎన్ని ఖాళీ స్థలాలున్నవి, అవి ఎవరివి, ఎంత విస్తీర్ణం, వాననీరు ఎటు పారుతుంది అన్న వివరాలతో ఒక పటం తయారుచేయడం మొదటి మెట్టు. దీనికి డబ్బు అక్కరలేదు. కొన్ని ఆదివారాలు చాలును.

కమిటీ పెద్దలకు మా మనవి ఒక్కటే. అట్టి పటం వారి ముందుకు వచ్చిన నాడు గాలరీ ఎంత ఎత్తు కడదామన్న చర్చతో మొదలుపెట్టవద్దు. నేల ఎవరిది, నీరు ఎక్కడిది, మాలీ జీతం ఎవరు ఇస్తారు అన్న మూడు ప్రశ్నలతో మొదలుపెట్టవలెను. ఈ మూడింటికి సమాధానం దొరికిన రోజు మైదానంలో సగం పని అయినట్లే. మిగతా సగం పని చేయడానికి ఫలక్‌నుమా గల్లీలలో ఈ సాయంత్రం కూడా బంతి తన్నుతున్న పిల్లలు సిద్ధంగా ఉన్నారు.